పిల్లబండితో కుప్పం దాకా

ఈ ఏడు ఫిబ్రవరి నెల రెండో బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. గుర్రంకొండ వైపు నుంచి వచ్చిన బస్సు మమ్మల్ని మదనపల్లె బస్టాండులో దించింది. దిగినవాళ్ళం ముగ్గురం. మునెమ్మనైన నేను, నా కోడలు రాజేశ్వరి, ఏడాదిన్నర వయసున్న మనవరాలు మోక్షిత. మా వెనకాల పిల్లబండి దిగింది. దాన్ని దించడానికి ఇద్దరు మొగవాళ్ళు చేతులు వేయాల్సి వచ్చింది.

ఎందుకు బయల్దేరామో ముందే చెప్పేస్తాను. రాజేశ్వరికి కుప్పంలో ఒక ఆఫీసు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. గురువారం పదకొండు గంటలకు సర్టిఫికెట్లతో హాజరు కావాలి. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన ఆడది ఇంతవరకు లేదు. నేను పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచి కూలికి పోయినదాన్ని. నా కొడుకు రమణ బెంగుళూరులో ఒకరింట్లో కారు నడుపుతాడు, నెలకు రెండుసార్లు వస్తాడు. ఉద్యోగం వస్తే కోడలు, పిల్ల, నేను కుప్పంలో కాపురం పెట్టాలి. పగలంతా పిల్లను చూసుకోవలసింది నేను.

చిక్కంతా నా కుడిభుజంతోనే. పోయిన వానల్లో పశువుల పాకలో జారిపడితే విరిగింది. లోపల కమ్మీ వేసి, బరువులు ఎత్తొద్దన్నారు. బిందె ఎత్తలేనిదాన్ని పదికేజీల పిల్లను ఎట్లా ఎత్తుతాను? అందుకని రమణ తన యజమాని పిల్లలు వాడి వదిలేసిన ఈ బండిని తెచ్చిచ్చాడు. పట్నాల్లో దీన్ని స్ట్రాలర్ అంటారు. మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. మా వైపు పిల్లలు నడక వచ్చేదాకా చంకలో పెరుగుతారు, వచ్చాక అలిగినప్పుడల్లా చంకలో పెరుగుతారు. ఇప్పుడు నా చంక చేసే పని ఈ బండి చేయాలి. జనం మధ్యలో ఈ బండితో నేనొక్కదాన్ని పిల్లను కాయగలిగితే కోడలు ఉద్యోగంలో చేరుతుంది. కాయలేకపోతే లేదు. అది తేల్చుకోవడానికే నేనూ వెళ్ళాను.

మదనపల్లె: కారోళ్ళ బండి

టిఫినుకు హోటల్లో దూరబోతే బల్లల మధ్య బండి పట్టలేదు. వడ్డించే ఆయన "అవ్వా, దాన్ని బయట పెట్టి రాండి" అన్నాడు. పిల్ల అందులో నిద్రపోతోంది. చేసేది లేక రాజేశ్వరి తినేదాకా నేను వాకిట్లో నిలబడ్డాను, నేను తినేదాకా ఆమె నిలబడింది. రెండిడ్లీ వడ నలభై రూపాయలు. మా గుర్రంకొండలో ఇరవై అయిదుకే పెడతారు, కాకపోతే ఇక్కడి చెట్నీలో నీళ్ళు తక్కువ.

బజారు వీధిలో బండి ముందు చక్రం కీచుమంటూ ఎడమకు లాగడం మొదలుపెట్టింది. ఒకపక్క టమోటా పెట్టెల ఆటోలు, ఇంకోపక్క మురుగుకాలువ. పిల్లల సామాన్లమ్మే అంగడి తెరుస్తుంటే అక్కడ ఆగాం. అంగడి యజమాని బాషా చక్రం పక్కకు వంగి చూసి నవ్వాడు. ఇరుసు చుట్టూ తలవెంట్రుకలు, దారప్పోగులు చుట్టుకుని గట్టిగా బిగుసుకుపోయి ఉన్నాయి. అన్నిటికీ పైన నల్లతాడు.

"ఈ నల్లతాడు ఎవురు కట్టిరి?"

"నేనే. దిష్టికి."

"దిష్టితాడు పైన కట్టుకో అవ్వా. చక్రానికి కడితే దిష్టి పోదు, బండీ పోదు."

బ్లేడుతో అన్నీ కోసి, ఇంత నూనె చుక్క వేశాడు. ఇవ్వబోతే డబ్బు తీసుకోలేదు. ఊరికే వస్తే బాగుండదని నేను లోపల వేలాడదీసిన బండ్లను చూస్తానన్నాను. చూడ్డానికి పోయి గంటసేపు ఉండిపోయాను. ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదు. రెండు కొంకి పిడులుండి గొడుగులాగా నిలువుగా ముడుచుకునే సన్నది ఒకటి, మూడువేల అయిదు వందలు. మూడు చక్రాలతో, సైకిలు టైర్లలాంటివి వేసింది ఒకటి, ఎనిమిది వేలు పైమాట. ఇంకోదానికి పిడిని అటు నుంచి ఇటు తిప్పేస్తే పిల్ల మొగం మనవైపు తిరుగుతుంది. మాది వీటన్నిటికంటే పెద్దది. వెడల్పు కొలిచి చూశాను, మూరా జానెడు ఉంది. గొడుగు రకానిది మూరే.

"పిల్లను అటుతిప్పి కూసోబెడితే ఎవుర్ని సూస్తాదప్పా?" అని అడిగాను.

"లోకాన్ని సూస్తాది."

"లోకాన్ని సూసేదానికి శానా కాలముండాది. ఇప్పుడు నా మొగం సూడాల."

"అయితే పిడి తిరిగేది తీసుకో. జనంలో తిరగాలంటే మాత్రం సన్నదే మేలు. నువ్వు దూరే సందులో అదీ దూరాల. నీ బండి కారోళ్ళదవ్వా. ఇంట్లోంచి లిఫ్టు, లిఫ్టులోంచి డిక్కీ. దానికి మన బజారు తెలీదు."

నిజమే చెప్పాడు. కానీ ఉన్న బండిని పెట్టుకుని కొత్తది కొనే మనిషిని కాను నేను.

బస్సు రూలు

పుంగనూరు బస్సు దగ్గర కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాపను ఎత్తుకోండి. బండి ముడవండి. ఆ మీదట ఎక్కండి."

ముడవడం చెప్పినంత సులువు కాదు. రెండు మీటలు రెండు చేతులతో ఒకేసారి నొక్కాలి, అదే సమయంలో కాలితో కింది కడ్డీని తన్నాలి. దీన్ని తయారుచేసినవాడు బిడ్డ తల్లికి మూడో చెయ్యి ఉంటుందనుకున్నాడు కాబోలు. రాజేశ్వరి పిల్లను ఎవరో ఆడమనిషి చేతికి అందించి, చెమటలు కక్కుతూ ముడిచింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

టికెట్లు ఇవ్వడానికి వచ్చి కండక్టరు మమ్మల్నీ బండినీ మార్చి మార్చి చూశాడు. "అవ్వకు ఫ్రీ. కోడలికి ఫ్రీ. పాపకు ఫ్రీ. ఈ బండికి ఆధార్ కార్డుండాదా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి, "లేదప్పా, పేరే పెట్టలేదు ఇంగా" అన్నాను. టికెట్టు అడగలేదు గానీ, బండిని నిలబెట్టొద్దు, పడుకోబెట్టండి అన్నాడు. ఎందుకని అడిగాను. ముడిచినా చక్రాలు చక్రాలేనట, బ్రేకు వేస్తే అది నడుచుకుంటూ పోయి మెట్ల దగ్గర నిలబడినవాళ్ళ మోకాళ్ళు విరగ్గొడుతుందట. అట్లా ఒక సూట్‌కేసు చేసిన పని కూడా చెప్పాడు. అడిగితే గదా తెలిసేది.

నా పక్కన కూర్చున్నామె మాత్రం ఆ నవ్వులో కలవలేదు. చాలాసేపు పిల్ల కాళ్ళవైపే చూసి, గొంతు తగ్గించి, "బిడ్డకు కాళ్ళు బాగలేవామ్మా?" అంది.

రాజేశ్వరి మొగం కిటికీవైపు తిప్పేసుకుంది. "బిడ్డ కాళ్ళు బంగారంగా ఉండాయి. బాగలేంది నా చెయ్యి" అన్నాను నేను. ఆమెకు నమ్మకం కలగలేదు. మా వైపు చక్రాల మీద కూర్చున్న మనిషంటే రోగి అనే లెక్క. పుంగనూరు వచ్చేలోగా ఇంకా ఇద్దరు అదే అడిగారు. మూడోసారికి మోక్షితను సీటు మీద నిలబెట్టి గెంతించాను.

పుంగనూరు: అనపకాయలు

పుంగనూరులో మా చెల్లెలు లచ్చుమ్మ ఉంది. రాత్రికి అక్కడే బస. చిక్కుడు జాతి అనపకాయల కాలం కదా, గింజల తోలు పితికి తీసి పితికిపప్పు చేస్తానంది. కాయలు తెస్తామని నేనూ రాజేశ్వరీ బండి తోసుకుని కూరగాయల మార్కెట్టుకు పోయాం.

అక్కడ జరిగింది పూర్తిగా నా తప్పు.

కూలికి పోయే రోజుల్లో చేను గట్టున చింతకొమ్మకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టేవాళ్ళం. సద్దిమూటను కుక్కలకు అందకుండా అదే కొమ్మకు తగిలించేవాళ్ళం. మూట బరువుకు కొమ్మ ఊగకుండా నిలబడేది. బిడ్డ ఉన్న చోటే మూట ఉండాలి, బరువుంటే నిలకడ. నాకు అదే అలవాటు. కొన్నదంతా బండి పిడికి తగిలించుకుంటూ పోయాను. మూడు కేజీల అనపకాయలు, రెండు టెంకాయలు, సగం గుమ్మడికాయ. కాయలు పెద్దపంజాణి వైపు నుంచి వచ్చిన రెడ్డెమ్మ దగ్గర కొన్నాం, కేజీ అరవై చెప్పి యాభైకి ఇచ్చింది. మిగతా చిల్లర కోసం నేను పిడి వదిలి కొంగుముడి విప్పాను. ముందు చక్రం రాయి ఎక్కి ఉంది. మోక్షిత ఎవరో బెలూన్లు పట్టుకుని పోతుంటే వెనక్కి తల వాల్చి చూసింది.

అంతే. బండి ముందుభాగం లేచి, మొత్తంగా వెల్లకిలా పడిపోయింది. టెంకాయలు జనం కాళ్ళ మధ్యకు దొర్లాయి. రాజేశ్వరి అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. రెడ్డెమ్మ కూర్చున్నచోటు నుంచే రెండు చేతులూ చాపి పిడిని పట్టుకుంది, అందుకని పిల్ల తల నేలకు తగలకుండా కాయల సంచి మీద ఆగింది. నడుముకు, భుజాలకు పట్టీలు వేసి ఉన్నాయి కాబట్టి పిల్ల జారలేదు. కాళ్ళు ఆకాశానికి పెట్టి ఒక్క క్షణం మా మొగాలు చూసి, కిలకిలా నవ్వింది.

రెడ్డెమ్మ నన్ను తిట్టలేదు. తన తక్కెడ ఎత్తి చూపింది. "సూడక్కా. బరువంతా ఎనకతట్టలో ఏసి, పిల్లను ముందరతట్టలో పెడితే ఏ పక్క లేస్తాది? కింద గంప మాదిరి ఉండాది గదా, అది ఎందుకు పెట్టినారు? దాంట్లో ఎయ్యి."

సీటు కింద నిజంగానే ఒక గుడ్డగంప ఉంది. అది చెప్పులు పెట్టుకోవడానికనుకున్నాను. సామానంతా అందులోకి మార్చి, తలవంచుకుని తోసుకుంటూ వచ్చాను.

సాయంత్రం లచ్చుమ్మ పెట్టిన రాగి సంగటి, పితికిపప్పు రాజేశ్వరి ముట్టలేదు. పిల్లను ఒళ్ళోంచి దించడంలేదు.

"అత్తా, రేపు కుప్పం వొద్దు. ఊరికి పోదాం" అంది.

"యాల?"

"యాలంటావేందత్తా? నేను పక్కనుండంగానే ఇట్లయితే, రోజంతా నువ్వొక్కదానివే ఉంటే?"

నాకు కోపం రావాలి, రాలేదు. ఆమె అడిగింది సబబు. "పడింది నా తెలివితక్కువకు. దాపెట్టను. రేపొక్క దినం నాకియ్యి. నువ్వు లోపలికి పో, నేను బిడ్డతో బయటుంటా. నీకు మనసు ఆగకపోతే మధ్యలో లేసి వొచ్చెయ్. ఉద్యోగం పోతే పోనీ, నేను ఒగ మాట అనను."

రాజేశ్వరి కంచం దగ్గరికి లాక్కుంది. కాసేపటికి సంగటి తుంచుకుంది.

మరుసటి పొద్దున వెలుగు రాగానే నేను లచ్చుమ్మ ఇంటి సందులో సాధన చేశాను. పిల్ల చోట పదికేజీల రాగులమూట కూర్చోబెట్టి, పట్టీలు వేసి, కాలితో బ్రేకు వేయడం, తీయడం, గుమ్మం దాటించడం. వీధిలో ఆడవాళ్ళు ముగ్గు గిన్నెలు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. "అక్కకు ఈ వయసులో రాగులబిడ్డ పుట్టింది" అని లచ్చుమ్మ నవ్వింది. నవ్వనీ. రాగులమూట రెండుసార్లు పడింది, మూడోసారి నుంచి పడలేదు.

కుప్పం: గేటు దగ్గర

కుప్పం చేరేసరికి పదిన్నర. పలమనేరు దాటినప్పటి నుంచే మాటల్లో అరవం, కన్నడం కలిసిపోతూ వచ్చాయి. ఆఫీసు ముందు రెండు బస్సుల జనం ఉన్నారు. ఒక్కో అభ్యర్థికి తోడు ఇద్దరు ముగ్గురు. ఎండలో నీడంటే గేటు పక్కన ప్రహరీగోడ నీడే. బండిని అక్కడికి తోశాను.

వాచ్‌మన్ మునిరత్నం గోడ మీది బోర్డు చూపించాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఆరో ఏట. బోర్డు కనబడితే చదవకుండా వదలను. 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అని ఉంది.

"ఇది వాహనమా అప్పా? పెట్రోలు లేదు, ఎద్దుల్లేవు."

"చక్రాలుండాయి గదవ్వా. చక్రాలుంటే వాహనమే. మా సారు సూస్తే నన్ను తిడతాడు."

"నీ కుర్చీకీ చక్రాలుండాయే?"

అతను కూర్చున్నది ఆఫీసులో పాతబడిన తిరిగే కుర్చీ. కిందికి వంగి చూసుకున్నాడు. చుట్టూ నిలబడినవాళ్ళు గొల్లుమన్నారు. అతనూ నవ్వాపుకోలేక, "పెట్టుకో తల్లీ. దోవకు మాత్రం అడ్డం రాకూడదు" అన్నాడు.

పదకొండుకు మొదటి జట్టును పిలిచారు. రాజేశ్వరి పిల్ల తల నిమిరి, నావైపు చూసి, ఫైలు గుండెకు ఆనించుకుని లోపలికి పోయింది.

నా పక్కన ఎర్ర తుండుగుడ్డ వేసుకున్న ముసలాయన నిలబడ్డాడు. గోవిందప్ప. స్టేషన్లో ముప్పై ఏళ్ళు మూటలు మోసి, తోపుడు ట్రాలీలు తోసి మానుకున్నాడట. మనవరాలికి తోడొచ్చాడు. నేను బండి మొగం గేటువైపు తిప్పి పెట్టడం చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా, వరదకు ఎదురుగా గంప పెడతావా? జనం తలుపు తెరిస్తే నీళ్ళ మాదిరి వస్తారు. గోడకు ఆనించి పెట్టు. బిడ్డ మొగం గోడ తట్టు. నువ్వు బిడ్డకూ జనానికీ మధ్యన నిలబడు. బ్రేకు ఎయ్యి."

"మెట్లొస్తే ఎట్లన్నా?"

"దిగేటప్పుడు ఎనక చక్రాలు ముందు. నువ్వు కింద, బండి పైన. ఎక్కేటప్పుడు ఎనక్కి తిరిగి లాక్కో, తొయ్యొద్దు. జనంలో పోయేటప్పుడు బండిని నోరు మాదిరి వాడొద్దు. కాలి మడమలకు గుద్ది దోవ అడగడం మంచి పద్ధతి కాదు. ముందు గొంతు పోవాల, ఆ ఎనకాల బండి పోవాల. మా కూలోళ్ళు అందరూ యాల అరుస్తా పోయేది?"

ఇంకా ఎన్నో అడిగాను. పిల్లను ఎత్తుకుని ఖాళీ బండిని ఎట్లా తోయాలి, వానకు ఏం కప్పాలి, ఎండకు పైన దుప్పటి కప్పితే లోపల ఊపిరాడుతుందా. కప్పొద్దన్నాడు, లోపల కుంపటి అవుతుందట. శాంతిపురం నుంచి చెల్లెలికి తోడొచ్చిన కవిత మా మాటలు వింటూ కూర్చుంది. పిల్లకు గుడ్డ మార్చాల్సి వచ్చినప్పుడు నేను నా భుజం సంగతి చెప్పి, "ఎత్తి పట్టుకుంటావామ్మా?" అని అడిగాను. ఇంతవరకు నా బిడ్డల్ని ఎత్తమని ఎవరినీ అడిగినదాన్ని కాదు.

"దాందేముందవ్వా" అని కవిత ఎత్తుకుంది. గాజులున్న చెయ్యిని పిల్ల లాగుతుంటే ఒక గాజు తీసి దాని చేతికిచ్చింది.

ఒంటిగంట అవుతుండగా లోపలినుంచి ఒకాయన కాగితం తెచ్చి గేటు కడ్డీలకు అంటించాడు. రెండో జట్టు పేర్లు. జనం ఒక్కసారిగా లేచారు. ముందున్నవాళ్ళను వెనకవాళ్ళు తోశారు, ఆ తోపు పక్కకు జరిగి గోడవైపు వచ్చింది. ఎవరిదో సంచి నా భుజానికి, కమ్మీ వేసిన చోటే తగిలింది. కళ్ళు తిరిగాయి. బ్రేకు వేసి ఉంది, పిల్ల మొగం గోడకుంది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, వీపు జనానికిచ్చి, ఎడమచేత్తో పిడి పట్టుకున్నాను. గొంతు వదిలాను. నాలుగు చేలకవతల ఉన్నవాళ్ళను సద్దికి పిలిచిన గొంతు అది.

"నిలబడండ్రా! ఈడ బిడ్డుండాది!"

గోవిందప్ప తుండుగుడ్డ ఊపుతూ నా కుడిపక్కకు వచ్చాడు, భుజమున్న వైపు. కవిత ఎడమపక్క. ఎవరో కాలేజీ పిల్లలిద్దరు నా వీపు వెనకాల చేతులు కలుపుకున్నారు. మునిరత్నం తన చక్రాల కుర్చీని తోసుకొచ్చి అడ్డం పెట్టాడు. తోపు మమ్మల్ని తాకి, రెండుగా చీలి, గేటువైపు పోయింది.

అప్పుడు తల తిప్పి చూశాను. లోపల రెండో గది కిటికీలో రాజేశ్వరి నిలబడి ఉంది. నా అరుపు విని లేచినట్టుంది. కడ్డీలు పట్టుకుని చూస్తోంది. నేను పిలవలేదు, పొమ్మని చెయ్యీ ఊపలేదు. ఆమె అంతట ఆమె చూడాలి. బండిని కొంచెం పక్కకు తిప్పాను. మోక్షిత కవిత గాజు ఒకటి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

రాజేశ్వరి కాసేపు చూసింది. కిటికీలోంచి పక్కకు జరిగింది.

నేను గేటువైపే చూస్తూ నిలబడ్డాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. గేటులోంచి ఎవరెవరో వచ్చారు. గోవిందప్ప అందరికీ టీలు తెప్పించాడు.

ఇది రాస్తున్న రోజుకు ఉద్యోగం ఉత్తర్వు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, ఆ గురువారం అక్కడున్నవాళ్ళ పేర్లు నేను అడిగి రాసుకున్నాను. స్టేషను గోవిందప్ప, ఆయన మనవరాలు హేమలత. శాంతిపురం కవిత, ఆమె చెల్లెలు సరిత. చేతులు కలుపుకున్న పిల్లలు యాసిన్, మురుగేశు. వాచ్‌మన్ మునిరత్నం. టీ తెచ్చినామె, పేరు చెప్పకుండా నవ్వి పోయింది. బండిలో మోక్షిత, బండి వెనక మునెమ్మ. లోపల రెండో గదిలో నా కోడలు రాజేశ్వరి, రెండున్నరకు తన పని పూర్తయ్యేదాకా బయటికి రాలేదు.